బంతి తిరగకూడదు

మా అబ్బాయికి గోళ్లు కొరుక్కునే అలవాటు. మొన్న ఆదివారం పెరట్లో బంతి విసురుకుంటుంటే, "ఉన్న గోళ్లన్నీ తినేస్తే ఇక నకుల్ బాల్ ఏం వేస్తావురా" అన్నాను. "ఇప్పుడది ఎవరు వేస్తున్నారు నాన్నా?" అన్నాడు. నిజమే, బేస్‌బాల్‌లో ఇప్పుడు దాదాపు ఎవరూ వేయడం లేదు. వేసిన టిమ్ వేక్‌ఫీల్డ్ గురించి ఎప్పటినుంచో రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్నాను. వాడు గుర్తు చేసినట్టయింది.

నకుల్ బాల్ అనగానే మనవాళ్లకి భువనేశ్వర్ కుమార్ గుర్తొస్తాడు. సన్‌రైజర్స్‌కి ఆడేటప్పుడు బాగా వాడాడు. అంతకుముందు 2011 ప్రపంచ కప్‌లో జహీర్ ఖాన్. కానీ క్రికెట్‌లో అది మోసం చేయడానికి వేసే స్లో బాల్. చెయ్యి అదే వేగంతో తిరుగుతుంది, బంతి మాత్రం ఆలస్యంగా వస్తుంది. బేస్‌బాల్‌లో సంగతి వేరు. అక్కడ బంతి నెమ్మదిగా వస్తుందని బ్యాటర్‌కి ముందే తెలుసు. ఏ బంతి వస్తుందో స్టేడియంలో పల్లీలమ్మేవాడికి కూడా తెలుసు. అది ఎటు పోతుందో మాత్రం ఎవరికీ తెలియదు, వేసినవాడితో సహా. ఆ ఒక్క బంతినే నమ్ముకుని 19 సీజన్లు ఆడిన మనిషి టిమ్ వేక్‌ఫీల్డ్. అందులో 17 మా బోస్టన్ రెడ్ సాక్స్ జట్టుకే.

"మా బోస్టన్" అని ఎంత సులువుగా వచ్చేసింది! నేను తెనాలి నుంచి ఇక్కడికొచ్చింది 2003 ఆగస్టులో. బోస్టన్ పక్కన క్విన్సీలో రెండు గదుల అపార్ట్‌మెంట్, నలుగురం. అందులో గుంటూరు కుర్రాడొకడు అప్పటికే రెండేళ్లుగా ఉంటూ బేస్‌బాల్ పిచ్చి పట్టించుకున్నాడు. అక్టోబర్ 16 రాత్రి వాడి బలవంతం మీద టీవీ ముందు కూర్చున్నాను. న్యూయార్క్ యాంకీస్‌తో ఏడో మ్యాచ్. గెలిస్తే వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్; ఓడితే ఇంటికి. నాకు రూల్స్ సగం కూడా తెలియవు. స్కోరు సమానమై మ్యాచ్ అర్ధరాత్రి దాటింది. అప్పుడు తెరమీద ఒకాయన కనిపించాడు. గడ్డం, వీపు మీద 49 నంబరు, చూస్తే లైబ్రరీలో పనిచేసే మనిషిలా ఉన్నాడు. వేసే బంతి చూస్తే మా వీధిలో చిన్నపిల్లలకి వేసినట్టు ఉంది. "వీడేంట్రా, లాలీపాప్‌లు వేస్తున్నాడు?" అన్నాను. "నోరు మూసుకుని చూడు. ఈ సిరీస్‌లో రెండు మ్యాచ్‌లు గెలిపించింది ఆయనే" అన్నాడు మావాడు.

పదో ఇన్నింగ్స్‌లో ముగ్గుర్నీ వరసగా పంపేశాడు. పదకొండో ఇన్నింగ్స్ మొదటి బంతి. ఆరన్ బూన్ అనే ఆయన కొట్టాడు. అది ఎడమవైపు జనంలో పడింది. అంతే, అయిపోయింది. వేక్‌ఫీల్డ్ వెనక్కి తిరిగి చూడకుండా మైదానం దాటి వెళ్లిపోయాడు. మర్నాడు ఆఫీసులో చావింట్లో ఉన్నంత నిశ్శబ్దం. అభిమానులకి వేక్‌ఫీల్డ్ క్షమాపణ చెప్పాడు. 1986లో కాళ్ల మధ్య నుంచి బంతి వదిలేసిన బిల్ బక్నర్‌ని ఈ ఊరు ఏళ్ల తరబడి ఎలా సాధించిందో ఆయనకు తెలుసు. తన గతీ అంతే అనుకున్నాడు. కానీ ఆ జనవరిలో ఇక్కడి క్రీడా విలేకరుల విందుకు వెళితే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ సంగతి చదివాక ఈయనెవరో తెలుసుకోవాలనిపించింది.

అసలు ఆయన పిచర్‌గా, అంటే బంతి వేసేవాడిగా, రాలేదు. ఫ్లోరిడాలోని మెల్‌బోర్న్ ఊరు, 1966లో పుట్టుక. కాలేజీలో బ్యాటర్, హోమ్ రన్ల (మన సిక్సర్ల లాంటివి) వీరుడు. 1988లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఎనిమిదో రౌండ్‌లో తీసుకుంది కూడా ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేస్తాడని, బ్యాటింగ్ చేస్తాడనే. తీరా కిందిస్థాయి లీగుల్లో కూడా బంతి తగల్లేదు. నువ్వు బ్యాటర్‌గా డబుల్-ఏ దాటి పైకి రాలేవని ఒక స్కౌట్ తేల్చేశాడు. మన భాషలో చెప్పాలంటే రంజీ దాకా కూడా రాలేవని. ప్రాక్టీసుకు ముందు సరదాకి నకుల్ బాల్ విసురుతుంటే ఒక మేనేజర్ చూసి ఉన్నాడు. మరి అదే వేసి చూడు అన్నారు. వేశాడు.

ఇక్కడ ఆ బంతి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నేను పదేళ్లుగా మా పెరట్లో దానితో కుస్తీ పడుతున్నాను.

నకుల్ అంటే వేలి కణుపు. పేరుకి కణుపులంటారు గానీ, పట్టుకునేది గోళ్లతో. చూపుడువేలు, మధ్యవేలు మడిచి, గోళ్ల కొసల్ని గుర్రపు నాడాలా వంగిన కుట్టు పక్కనే తోలులో గుచ్చాలి. బొటనవేలు కింద ఆసరా. మణికట్టు బిగించి, విసిరినట్టు కాకుండా తోసినట్టు వదలాలి. బంతి తిరగకూడదు. ఇదంతా ఆ ఒక్క పని కోసమే. వేక్‌ఫీల్డ్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ దగ్గరికి 60 అడుగుల 6 అంగుళాలు (క్రికెట్ పిచ్ కంటే ఐదారడుగులు తక్కువ). మంచి నకుల్ బాల్ ఆ దూరంలో ఒక చుట్టో, చుట్టున్నరో తిరుగుతుంది, అంతే. బంతి మీద కుట్టు ఒక పక్క గాలికి అడ్డం పడుతుంది, ఇంకోపక్క నున్నటి తోలు ఉంటుంది. ఆ తేడాకి బంతి ఒకవైపు లాగుతుంది. పావుచుట్టు తిరిగేసరికి కుట్టు ఇంకోచోటికి వస్తుంది, లాగే దిక్కు మారిపోతుంది. గాల్లో సీతాకోకచిలుక లాగా తడబడుతూ వస్తుంది. వేగం గంటకి 105 కిలోమీటర్ల చుట్టుపక్కల. మిగతావాళ్లు 145 దాటి వేస్తుంటే ఈయన 105!

తెనాలిలో నేను వేసింది ఆఫ్ స్పిన్. బంతి తిరగడం లేదని కెప్టెన్‌తో తిట్లు తిన్నవాణ్ణి. ఇక్కడ మాత్రం ఎంత బిగబట్టి వదిలినా తిరుగుతూనే ఉంటుంది. తిరగడమే కాదు, తిరిగే నకుల్ బాల్ అంత తేలికైన బంతి ప్రపంచంలో లేదు, మా అబ్బాయి పక్కింటి కంచె దాటించేస్తాడు. నలభై వేస్తే ఒకటి కుదురుతుంది. ఆ ఒక్కటి వాడి ముక్కు ముందు దాకా వచ్చి ఏదో మర్చిపోయినట్టు కిందకి జారిపోతుంది. ఆ రోజుకి నాకు భోజనం అక్కర్లేదు. బంతి మీద కుట్లు సరిగ్గా 108 అని మా అమ్మకి ఫోన్‌లో చెబితే "అష్టోత్తరమా!" అంది. నాన్న అయితే నకుల్ బాల్ అంటే నకులుడి బాల్ అనుకున్నాడు చాలాకాలం.

సరే, వేక్‌ఫీల్డ్ దగ్గరికొద్దాం. 1992 జూలై 31న పైరేట్స్‌కి మొదటి మ్యాచ్. 146 బంతులు వేసి మ్యాచ్ మొత్తం తనే ముగించాడు. ఆ ఏడాది 8 గెలిచి 1 ఓడాడు (ఈ ఆటలో గెలుపోటముల్ని పిచర్ ఖాతాలో కూడా రాస్తారు). అట్లాంటా బ్రేవ్స్‌తో ప్లేఆఫ్ సిరీస్‌లో రెండు మ్యాచ్‌లు ఒంటిచేత్తో గెలిపించాడు. మరుసటి ఏడాదే బంతి మాట వినడం మానేసింది. 1994లో బఫెలోలో, కిందిస్థాయిలో, 5 గెలుపులు, 15 ఓటములు. 1995 ఏప్రిల్‌లో పైరేట్స్ వదిలించుకుంది. ఆరు రోజులకి బోస్టన్ తీసుకుంది. పాతతరం నకుల్ బాల్ మేస్త్రీలు, నీక్రో సోదరులు, దగ్గరుండి చెయ్యి సరిదిద్దారు. వచ్చీ రాగానే 14 గెలుపులు, ఒక్క ఓటమి! ఆ సీజన్ చివరికి 16-8. ఇలాంటి ఎత్తుపల్లాలు తర్వాత కూడా చాలా ఉన్నాయి, అవన్నీ రాస్తే జమాఖర్చు పుస్తకం అవుతుంది.

నేను చెప్పాలనుకున్నది 2004 అక్టోబర్ 16, శనివారం రాత్రి సంగతి. బూన్ కొట్టిన రాత్రికి సరిగ్గా ఏడాది. మళ్లీ యాంకీస్‌తోనే ఏడు మ్యాచ్‌ల సిరీస్. మొదటి రెండూ వాళ్లు గెలిచేశారు. మూడోది ఇక్కడ ఫెన్‌వే పార్కులో. మన బౌలర్లు (అలవాటు పోదు, పిచర్లు) ఒకడి తర్వాత ఒకడు చితికిపోతున్నారు. ఈ ఆటలో స్టార్టర్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్, ఐదురోజులకోసారి వేస్తాడు. మర్నాడు నాలుగో మ్యాచ్ మొదలుపెట్టాల్సింది వేక్‌ఫీల్డ్. ప్లేఆఫ్‌లో స్టార్ట్ అంటే మాటలు కాదు, ఏడాదంతా ఎదురుచూసేది దానికోసమే. పైగా ఏడాది కిందటి మచ్చ కడుక్కునే అవకాశం. ఆయన మేనేజర్ ఫ్రాంకోనా దగ్గరికెళ్లి, ఈ మ్యాచ్‌లో నేను వేస్తానన్నాడు. ఎలాగూ పోయిన మ్యాచ్. తను వేస్తే మిగతావాళ్ల చేతులకి విశ్రాంతి దొరుకుతుంది, రేపటికి మిగులుతారు.

మూడు ఇన్నింగ్స్ పైన వేశాడు. ఆయన్నీ కొట్టారు, 5 పరుగులు. మ్యాచ్ 19-8తో ఓడిపోయాం. మావాడు ఏడో ఇన్నింగ్స్‌కే టీవీ కట్టేసి బిర్యానీ వేడి చేసుకోవడానికి లేచాడు. నేను ప్రొడక్షన్ సపోర్ట్‌లో పనిచేసేవాణ్ణి. శుక్రవారం సాయంత్రం ఎవరిదో కోడ్ పేలిపోతే ఎవరు లాప్‌టాప్ మూసేస్తారో, ఎవరు బ్యాగు కింద పెట్టి మళ్లీ కుర్చీ లాక్కుంటారో నాకు బాగా తెలుసు. అందుకే మళ్లీ టీవీ పెట్టాను.

నాలుగో మ్యాచ్ పన్నెండో ఇన్నింగ్స్‌లో మా బ్యాటర్ డేవిడ్ ఓర్టిజ్ గెలిపించాడు. ఐదో మ్యాచ్ సోమవారం. అదీ సాగి సాగి పన్నెండో ఇన్నింగ్స్‌కి చేరింది. మళ్లీ వేక్‌ఫీల్డే వచ్చాడు. అసలు టెన్షన్ ఆయనతో కాదు, ఎదురుగా కూర్చున్న జేసన్ వారిటెక్‌తో. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్. ఎటు పోతుందో తెలియని బంతిని బ్యాటర్ కొట్టలేకపోతే సరే, కీపర్ కూడా పట్టలేడు కదా. అందుకే మామూలుగా వేక్‌ఫీల్డ్‌కి డగ్ మిరబెల్లి అని విడిగా ఒక క్యాచర్ ఉండేవాడు, పెద్ద సాఫ్ట్‌బాల్ గ్లవ్ వేసుకుని. ఆ రాత్రి ఆయన మైదానంలో లేడు. పదమూడో ఇన్నింగ్స్‌లో వారిటెక్ చేతుల్లోంచి మూడుసార్లు బంతి జారిపోయింది, మన భాషలో బైస్. యాంకీస్ మనుషులు రెండో బేస్‌లో ఒకడు, మూడో బేస్‌లో ఒకడు. ఇంకొక్క బంతి జారితే పరుగు. అప్పుడు వేక్‌ఫీల్డ్ ఏం చేయాలి? భయపడి మామూలు బంతి వేస్తే కొడతారు. నకుల్ బాల్ వేస్తే కీపర్ వదిలేయొచ్చు. నకుల్ బాలే వేశాడు. యాంకీస్ బ్యాటర్ రూబెన్ సియెర్రా గాలిని కొట్టాడు. వారిటెక్ ఎలాగో పట్టుకున్నాడు. మా అపార్ట్‌మెంట్ కింద ఉండే ముసలాయన కప్పుని కర్రతో పొడిచాడు, అరిచింది మేమే మరి. పద్నాలుగో ఇన్నింగ్స్‌లో ఓర్టిజ్ మళ్లీ కొట్టాడు. మొత్తం 5 గంటల 49 నిమిషాలు. గెలిచిన పిచర్‌గా స్కోరుకార్డులో వేక్‌ఫీల్డ్ పేరు పడింది. తర్వాత సిరీస్ గెలిచాం, దాని తర్వాత వరల్డ్ సిరీస్. 1918 తర్వాత అదే మొదటిది. అందరికీ ఓర్టిజ్ గుర్తున్నాడు, గుర్తుండాలి కూడా. నేను మాత్రం ఎవరడిగినా 19-8 మ్యాచ్ గురించే మొదలుపెడతాను. వాళ్లు పక్క కుర్చీలోకి మారిపోతారు.

మిరబెల్లి అన్నాను కదా, ఆయన కథ ఇంకోటి ఉంది. 2005 తర్వాత ఆయన్ని శాన్ డియేగోకి పంపేసి జోష్ బార్డ్ అనే కుర్రాణ్ణి పెట్టారు. పాపం ఏప్రిల్ నెలలోనే 10 బంతులు వదిలేశాడు. దాంతో 2006 మే 1న మిరబెల్లిని హడావుడిగా వెనక్కి తెప్పించారు. ఎయిర్‌పోర్టు నుంచి పోలీసు బండి సైరన్లతో ముందు, కారులోనే బట్టలు మార్చుకుంటూ ఈయన వెనక. సరిగ్గా మ్యాచ్ మొదలయ్యే వేళకి దిగాడు. పెళ్లికొడుకుని కూడా ఇంత హడావుడిగా తీసుకురారు.

డబ్బు సంగతీ వింతే. 2005లో ఏడాదికి 40 లక్షల డాలర్లకి ఒప్పందం రాసుకున్నారు, క్లబ్బుకి ఇష్టమైతే ప్రతి ఏడూ అదే రేటుకి ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. అప్పట్లో మా హెచ్-1 రెన్యువల్ గొడవల్లో ఉన్నామేమో, మేమంతా ఆయన్ని మాలో ఒకడిగా లెక్కేసుకున్నాం. (40 లక్షల సంగతి పక్కన పెట్టండి.) 2007లో భుజం నొప్పి వచ్చి, వరల్డ్ సిరీస్‌కి తన బదులు బాగున్నవాణ్ణి తీసుకోమని తప్పుకున్నాడు. 42 ఏళ్లకి, 2009లో, మొదటిసారి ఆల్ స్టార్ అయ్యాడు. ఆ మ్యాచ్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు!

2011 జూలై 24న 199వ గెలుపు. నేను ఆ ఆగస్టులో తెనాలిలో ఉన్నాను. ఇక్కడ రాత్రి ఏడు అంటే అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర. నాన్న నడకకి లేచే టైమ్. నేను ఫోన్‌లో స్కోరు చూస్తుంటే "అయిందా ఆయనది?" అనేవాడు. కాలేదు. మళ్లీ ఐదారు రోజులకి "ఇవాళైనా?" కాలేదు. బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియని మనిషి, పాలవాడికి కూడా చెప్పాడు, అమెరికాలో ఒకాయన 199 దగ్గర ఆగిపోయాడని. ఏడుసార్లు పోయింది. ఎనిమిదోసారి, సెప్టెంబర్ 13న, టొరంటో మీద 18-6. అప్పటికి నేను వెనక్కి వచ్చేశాను. ఆయనకి 45 ఏళ్లు. నాన్నకి ఫోన్ చేస్తే "గట్టెక్కాడన్నమాట. ఇక ఇంటికెళ్లి పడుకోమను" అన్నాడు. ఐదు నెలలకి ఆయన రిటైరయ్యాడు.

200 గెలుపులు, 180 ఓటములు. పెద్ద పిచర్ల పక్కన పెట్టే అంకెలు కావు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. రెడ్ సాక్స్ తరఫున 3,006 ఇన్నింగ్స్ వేశాడు, ఆ క్లబ్బు చరిత్రలో అన్ని వేసినవాడు ఇంకొకడు లేడు. క్యాన్సర్ పిల్లల కోసం ఇక్కడ జిమ్మీ ఫండ్ అని ఉంది, దానికోసం ఏళ్ల తరబడి తిరిగాడు. తనకీ అదే జబ్బు వచ్చింది, మెదడులో. 2023 అక్టోబర్ 1, ఆదివారం, పోయాడు. 57 ఏళ్లు. ఐదు నెలలు తిరక్కుండానే ఆయన భార్య కూడా క్యాన్సర్‌తోనే పోయింది.

2024 ఏప్రిల్ 9న ఫెన్‌వేలో సీజన్ మొదటి మ్యాచ్. 2004 జట్టుని పిలిచి ఇరవయ్యేళ్ల వేడుక చేశారు. నేను ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి చూస్తున్నాను. తొలి బంతి విసరడానికి వేక్‌ఫీల్డ్ కూతురు వచ్చింది, నాన్న 49 నంబరు చొక్కా వేసుకుని. ఇవతల గ్లవ్ తొడుక్కుని కూర్చున్నది వారిటెక్.