సోరియాసిస్‌కి లైట్ థెరపీ: డోసు దగ్గరే అసలు పని

పొలుసు పైకి కనిపిస్తుంది, మంట లోపల ఉంటుంది. చర్మంలో చేరిన టీ-కణాలు (రోగనిరోధక కణాలు) ఐఎల్-17 వంటి రసాయన సంకేతాలతో దాన్ని రాజేస్తూనే ఉంటాయి. లైట్ థెరపీలో వాడే 311 నానోమీటర్ల నారోబ్యాండ్ యూవీబీ, అంటే అతినీలలోహిత కాంతిలో ఒక సన్నటి భాగం, ఆ కణాలను చంపుతుంది, ఐఎల్-23 అనే మరో సంకేతం ఉధృతిని తగ్గిస్తుంది, అదుపు చేసే రెగ్యులేటరీ టీ-కణాలకు బలమిస్తుంది. ఇదంతా జరగడానికి వారాలు పడుతుంది.

ఆర్కే బీచ్‌లో ఎండకి కూర్చుంటే సరిపోదా అని వైజాగ్‌లో అడగనివాళ్లు లేరు. ఎండకి డోసు లెక్కుండదు. పైగా కమిలిన చోటే కొత్త సోరియాసిస్ మచ్చలు లేవొచ్చు.

లైట్ థెరపీ సాధారణంగా వారానికి మూడుసార్లు, రోజు విడిచి రోజు. మన చామనఛాయకి చాలాచోట్ల చదరపు సెంటీమీటరుకి 300 మిల్లీజౌల్స్ దగ్గర మొదలుపెట్టి, ప్రతిసారీ 10–20 శాతం పెంచుతారు. కమలడం 8–24 గంటల్లో బయటపడుతుంది. నల్లటి ఒంటిమీద ఎరుపు సరిగా తెలియదు కాబట్టి చురుకు, ముట్టుకుంటే నొప్పి ఉంటే తర్వాతి డోసుకి ముందే చెప్పాలి. మధ్యలో రెండు వారాలు మానేసి పాత డోసుకే నిలబడితే కాలే ప్రమాదం ఉంది.

సాలిసిలిక్ ఆయింట్‌మెంట్ రాసుకుని వెళ్లకండి, అది యూవీబీని మింగేస్తుంది. పొలుసుకి పలచగా కొబ్బరినూనె చాలు, కాంతి చెదరకుండా దిగుతుంది. యూవీని ఆపే రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి, మగవాళ్లు మర్మాంగాలు కప్పుకోవాలి. కాంతికి చర్మాన్ని సున్నితం చేసే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నా, ఎండ పడని లూపస్ జబ్బు ఉన్నా డాక్టరుకి ముందే చెప్పండి.