నల్లగొండ కేఫుల పాత హార్డ్‌డిస్కుల్లోంచి కౌంటర్ స్ట్రైక్ మ్యాపులు తీసి దాచడం

గడియారం సెంటర్ చుట్టుపక్కల, అటు మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో, గంట లెక్కన ఆడించిన నెట్ కేఫులు చాలా మటుకు జిరాక్స్ షాపులయ్యాయి. వాటి పాత సీపీయూలు మాత్రం ఏ అటక మీదనో ఉంటాయి. లోపలి 40 జీబీ, 80 జీబీ డిస్కుల్లో అప్పట్లో జట్లుగా ఆడిన తుపాకుల ఆట కౌంటర్ స్ట్రైక్ 1.6 ఫోల్డర్, దాంట్లో మ్యాపులు (ఆట జరిగే స్థలాలు) ఇంకా ఉండే అవకాశం ఉంది. ఆట కోసం అయితే ఇంత కష్టం అక్కర్లేదు, అది ఇవాళ్టికీ స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో దొరుకుతుంది. డస్ట్ 2, ఇటలీ, అసాల్ట్ లాంటి మ్యాపులు దాంతోపాటే వస్తాయి. పోయేవల్లా అభిమానులు కట్టిన ఎఫ్‌వై, ఎయిమ్, ఏడబ్ల్యూపీ, సర్ఫ్, డెత్‌రన్ రకాల మ్యాపులే. ఇక్కడి పోరడు ఎవరైనా పిల్లలమర్రినో పానగల్ గుడినో మ్యాప్‌గా కట్టి ఉంటే, దాని ఏకైక కాపీ అలాంటి డిస్కులోనే ఉండొచ్చు.

ఫైళ్ల పేర్లు, కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నా. టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషులోనే.

ముందు డిస్కు సంగతి. పాత సీపీయూని ఆన్ చేసి చూద్దామనిపిస్తుంది, చేయొద్దు. ఏళ్ల తరబడి ఆగిన డిస్కు ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం. విండోస్ బూట్ అయితే దాని మీద రాతలు కూడా పడతాయి. డిస్కు విప్పి, ఐడీఈ (పాత డిస్కుల వెడల్పాటి కేబుల్ రకం) నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌కు తగిలించండి. మూడున్నర అంగుళాల డిస్కు యూఎస్‌బీ కరెంటుతో తిరగదు, విడిగా 12 వోల్టుల పవర్ ఉన్న అడాప్టరే తీసుకోవాలి. నల్లగొండలో దొరక్కపోతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడగండి. డిస్కు వెనక పిన్నుల మీది చిన్న తొడుగును (జంపర్) మాస్టర్‌కు పెట్టాలి. స్లేవ్‌లో ఉంటే కొన్ని అడాప్టర్లకు డిస్కు కనపడనే కనపడదు, జనం డిస్కు పోయిందనుకుని పారేస్తారు. టక్ టక్ అని శబ్దం వస్తే మాత్రం వెంటనే ఆపేయండి. అలాంటి డిస్కును చదివించడం ఇంట్లో చేసే పని కాదు.

తిరిగే డిస్కు అయితే లినక్స్ పెన్‌డ్రైవ్‌తో వేరే కంప్యూటర్ బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్కును ఇమేజ్‌గా, అంటే ఒకే ఫైల్‌లో నకలుగా తీయండి. మొదటి విడత మైనస్ ఎన్ ఆప్షన్‌తో నడిపితే తేలిగ్గా వచ్చేదంతా వస్తుంది. చెడ్డ చోట్ల కోసం రెండో విడత మైనస్ ఆర్ 3 ఇవ్వండి. రెండు విడతలకూ ఒకే మ్యాప్‌ఫైల్ ఇవ్వాలి. మన మ్యాపులకూ దానికీ సంబంధం లేదు, ఎంత వరకు చదివిందో రాసుకునే చిట్టా అది. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలవుతుంది.

ఆ ఇమేజ్‌లో వెతకడం డీ డ్రైవ్ నుంచి మొదలుపెట్టండి. చాలా కేఫుల్లో డీప్ ఫ్రీజ్ ఉండేది, రీస్టార్ట్ చేస్తే సీ డ్రైవ్‌లో చేరిన కొత్త ఫైళ్లన్నీ మాయమయ్యేవి. అందుకని ఆటలను ఫ్రీజ్ లేని డ్రైవ్‌లో పెట్టేవాళ్లు. అదే డిస్కులో ఎవరివో హాల్ టికెట్లు, సర్టిఫికెట్ స్కాన్లు, ఫొటోలు కూడా ఉంటాయి. వాటి జోలికి పోకుండా ఆట ఫోల్డర్ ఒక్కటే తీసుకుని, పని అయ్యాక ఇమేజ్ చెరిపేయండి.

ఇక అసలు లొల్లి. మ్యాప్స్ ఫోల్డర్‌లోని బీఎస్‌పీ ఫైల్ కాపీ చేసుకుని మ్యాప్ దొరికిందనుకుంటారు (పార్టీ కాదు, మ్యాప్ ఫైల్ రకం పేరే అది). గోడలు, నేల, వెలుగునీడలు దాంట్లోనే ఉంటాయి, నిజమే. గోడల మీది బొమ్మలు మాత్రం తరచుగా విడి వ్యాడ్ ఫైళ్లలో ఉంటాయి. కట్టినవాళ్లు కంపైల్ చేసేటప్పుడు (నమూనాను ఆడే ఫైల్‌గా మార్చేటప్పుడు) వ్యాడ్‌ఇంక్లూడ్ ఆప్షన్ వాడి ఉంటేనే అవి బీఎస్‌పీలో కలిసిపోతాయి. ఆకాశమంటే జీఎఫ్‌ఎక్స్ లోపలి ఈఎన్‌వీ ఫోల్డర్‌లో ఆరు టీజీఏ ఫైళ్లు: పైన, కింద, ఎడమ, కుడి, ముందు, వెనక. శబ్దాలు సౌండ్‌లో, వస్తువుల రూపాలు మోడల్స్‌లో, మంట, పొగ లాంటివి స్ప్రైట్స్‌లో, పైనుంచి చూసే పటం ఓవర్‌వ్యూస్‌లో ఒక బీఎంపీ, ఒక టెక్స్ట్ ఫైల్‌గా ఉంటాయి. బాట్లు (కంప్యూటరే ఆడించే ఆటగాళ్లు) నడిచే దారుల న్యావ్ ఫైల్ మ్యాప్స్ ఫోల్డర్‌లోనే ఉంటుంది.

ఏ మ్యాప్‌కు ఏవి కావాలో బీఎస్‌పీనే చెబుతుంది. ఒక నకలు తీసుకుని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరవండి. చెత్త అక్షరాల మధ్య వరల్డ్‌స్పాన్ అనే మాట వెతికితే చదవగలిగే భాగం తగులుతుంది. అక్కడ వ్యాడ్ అనే వరుసలో వ్యాడ్ ఫైళ్ల పేర్లు, స్కైనేమ్ దగ్గర ఆకాశం పేరు ఉంటాయి. తర్వాత ఎండీఎల్ (మోడల్), ఎస్‌పీఆర్ (స్ప్రైట్), డబ్ల్యూఏవీ (శబ్దం) అని ఒక్కొక్కటే వెతికి పేర్లు రాసుకోండి. వ్యాడ్ వరుసలో కట్టినవాళ్ల సొంత కంప్యూటర్ దారి కూడా తరచుగా కనిపిస్తుంది. ఇంజిన్ దాన్ని పట్టించుకోదు, ఫైల్ పేరే చూస్తుంది. ఎవరు కట్టారో తెలియని మ్యాప్‌కు మాత్రం అదొక మంచి ఆధారం. చూసి మూసేయండి, పొరపాటున కూడా సేవ్ కొట్టొద్దు. అది టెక్స్ట్ ఫైల్ కాదు, ఎడిటర్ తనకు తోచినట్టు అక్షరాలు మార్చి రాస్తే మ్యాప్ పాడవుతుంది.

చేత్తో రాసుకోవడం విసుగైతే రెస్‌జెన్ అనే పాత పనిముట్టు ఉంది. బీఎస్‌పీని చదివి కావలసిన ఫైళ్ల జాబితాను ఆర్‌ఈఎస్ ఫైల్‌గా ఇస్తుంది. సర్వర్‌లో చేరేవాళ్లకు ఏయే ఫైళ్లు పంపాలో ఆట చూసుకునేది కూడా ఈ జాబితాలోనే.

తప్పిపోయిన ఫైళ్లు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా బయటపడతాయి. కావలసిన వ్యాడ్ లేకపోతే ఆట అక్కడికక్కడే ఆగి, ఫలానా వ్యాడ్ తెరవలేకపోయానని చెబుతుంది. మోడల్ లేకున్నా ఇంతే. ఇవి అరిచి చెబుతాయి కాబట్టి ఎవరో ఒకరు వెతికి పెడతారు. శబ్దం మాత్రం చప్పుడు చేయకుండా పోతుంది. మ్యాప్ సజావుగా నడుస్తుంది, తలుపు మాత్రం కిర్రుమనదు. అసలు మ్యాప్ ఆడనివాళ్లకు ఆ తేడా తెలియనే తెలియదు. నేను చూసిన కట్టల్లో ఎక్కువగా కొరత పడేవి డబ్ల్యూఏవీలే.

అందుకని పరీక్షను కేఫ్ కాపీ మీద చేయొద్దు, పాత ఫైళ్లన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ఆటలో మీరు కట్టిన ప్యాకెట్ ఒక్కటే వేయండి. స్టీమ్ లాంచ్ ఆప్షన్లలో మైనస్ కాన్‌డీబగ్ పెట్టి, కన్సోల్‌లో (ఆటలో కమాండ్లు టైప్ చేసే కిటికీ) డెవలపర్ 1 ఇచ్చి మ్యాప్ తెరవండి. కన్సోల్‌లో పడ్డదంతా క్యూకన్సోల్ లాగ్‌లోకి చేరుతుంది. అందులో 'కుడ్‌న్ట్' అని వెతికితే చాలా లోట్లు అక్కడే దొరుకుతాయి.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు. కేఫుల్లో ఒకే మ్యాప్‌ను ఇష్టమొచ్చిన పేరుతో మార్చేవాళ్లు. బీఎస్‌పీ లోపల తన పేరు ఉండదు కాబట్టి మార్చినా ఆట నడుస్తుంది, కానీ ఆర్‌ఈఎస్, ఓవర్‌వ్యూ, న్యావ్ అన్నీ పాత పేరుతోనే మిగిలి తెగిపోతాయి. అటువైపు, పేరు ఒకటే అయి ఫైళ్లు వేరైతే, మీ మ్యాప్ సర్వర్ మ్యాప్‌తో కలవడం లేదని ఆట బయటకు పంపిస్తుంది. ఆ పరీక్షనూ పూర్తిగా నమ్మలేం. వస్తువులు, ఆటగాళ్లు మొదలయ్యే చోట్లు ఉండే భాగాన్ని అది లెక్కలోకి తీసుకోదు. రిపెంట్ అనే పనిముట్టుతో ఎవరైనా తుపాకులు మార్చి పెట్టినా ఆట రెండింటినీ ఒకటే అనుకుంటుంది. కాబట్టి ప్రతి బీఎస్‌పీకి ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి రాసుకోండి, విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్ చాలు. రెండు కాపీల సంఖ్య వేరైతే రెండూ దాచాలి. ఏది అసలుదో ఇప్పుడే తేల్చాల్సిన అవసరం లేదు.

పెద్దక్షరం, చిన్నక్షరం తేడా విండోస్‌కు పట్టదు, లినక్స్ సర్వర్‌కు పడుతుంది. అయినా ఫైల్ పేర్లు మీ ఇష్టానికి చిన్నక్షరాలు చేయకండి. బీఎస్‌పీ లోపల ఎలా రాసి ఉందో అలాగే ఉంచండి. ఆర్‌ఈఎస్‌లో ఫోల్డర్ పేర్ల మధ్య గీతలు ముందుకు వాలినవే (/) వాడాలి.

పంచేటప్పుడు మ్యాప్‌కు ఒక జిప్, లోపల సీస్ట్రైక్ ఫోల్డర్ నుంచి మొదలయ్యే అమరిక. హాఫ్‌లైఫ్ వ్యాడ్, సీఎస్ డస్ట్ వ్యాడ్ లాంటివి ఆటతోనే వస్తాయి, అవి కలపొద్దు. ఈఎక్స్‌ఈ, డీఎల్‌ఎల్ ఒక్కటి కూడా రానివ్వొద్దు. పెన్‌డ్రైవ్‌ల వెంట తిరిగిన న్యూ ఫోల్డర్ వైరస్ ఆ డిస్కుల్లో ఇంకా పడుకునే ఉంటుంది. పాత రీడ్‌మీ దొరికితే అక్షరం మార్చకుండా పెట్టండి. ఏ ఊరి డిస్కు, ఎప్పుడు తీశారు, మీరు బయటి నుంచి ఏ ఫైల్ చేర్చారు అన్నది వేరే టెక్స్ట్ ఫైల్‌లో రాయండి. కేఫ్ ఓనర్ పేరు, నంబరు అక్కర్లేదు.

ఆర్‌ఎంఎఫ్ గానీ మ్యాప్ అనే ఎక్స్‌టెన్షన్‌తో గానీ ఫైల్ తగిలితే మీ అదృష్టం పండినట్టే. అది మ్యాపులు కట్టే హ్యామర్ ఎడిటర్‌లో తెరిచే అసలు నమూనా. బీఎస్‌పీని వెనక్కి తిప్పి నమూనా తీసే పనిముట్లు ఉన్నాయి గానీ, గోడలు ముక్కలుగా వస్తాయి, గ్రూపుల అమరిక రాదు. నమూనాను మాత్రం కట్టినవాళ్ల అనుమతి లేకుండా బయట పెట్టకండి. బీఎస్‌పీని అందరూ ఆడాలనే వదిలారు, నమూనా అలా వదిలింది కాదు. రీడ్‌మీలో మెయిల్ ఉంటే రాసి అడగండి. జవాబు రాకపోతే బీఎస్‌పీ ప్యాకెట్‌ను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో గేమ్‌బనానాలోనో (అభిమానులు చేసిన ఆట ఫైళ్లు పంచుకునే సైటు) కట్టినవాళ్ల పేరుతోనే పెట్టి, వాళ్లు వచ్చి తీసేయమంటే తీసేస్తామని కింద రాయండి. నమూనా మీ దగ్గరే రెండు చోట్ల ఉండనివ్వండి, వాటిలో కనీసం ఒకటి పెన్‌డ్రైవ్ కాకుండా చూసుకోండి.