ఒక కంట సున్నం

ప్రహరీకి వెల్ల వేస్తుంటే కుంచె విదిలింపుకి చిక్కటి సున్నం ఎగిరి నా ఎడమ కంట్లో పడింది. భగ్గుమంది. పంపు దగ్గరికి పరుగెత్తి దోసిళ్ళతో ముఖం మీద నీళ్ళు కొట్టుకున్నాను, ఓ పది దోసిళ్ళు. మంట సగానికి తగ్గింది. పోయిందనుకున్నాను, అక్కడే పప్పులో కాలేశాను. కన్ను మూసుకుని ముఖం కడుక్కుంటే కడిగినట్టయ్యేది రెప్పల మీది తోలు. సున్నం ఉన్నది రెప్పల లోపల.

మంట తగ్గడాన్ని నమ్మకూడదు, సున్నం విషయంలో అసలే నమ్మకూడదు. యాసిడ్ పడితే కంటి పైపొరలో మాంసకృత్తులు ఉడికిన తెల్లసొనలా గడ్డకడతాయి. ఆ గడ్డే అడ్డుగోడై యాసిడ్‌ని చాలావరకు పైనే ఆపుతుంది. సున్నం, కాస్టిక్ సోడా లాంటి క్షారాలకు ఆ గోడ లేదు. కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ నిమిషాల్లో లోపలికి దిగిపోతాయి. పైగా సున్నం నీళ్ళలో సరిగ్గా కరగదు. రెప్ప మడతలో నలక మిగిలిందంటే అది ఊరుతూనే ఉంటుంది. పులుపు, క్షారం ఎంతో చెప్పే కొలత పీహెచ్. ఏడు మధ్యస్థం, పైకి పోయేకొద్దీ క్షారం. తడిసున్నం పీహెచ్ పన్నెండు పైన, కన్నీటిది ఏడు దగ్గర.

అందుకే కడగడం ఇలా ఉండాలి. పొడి సున్నమైతే ముందు ముఖం మీదిది దులిపేయాలి, కానీ దానికోసం ఆలస్యం చేయొద్దు. తల పక్కకు వంచి, దెబ్బ తిన్న కన్ను కిందికి ఉండేలా పెట్టి, పంపు సన్నగా తిప్పి, ధార ముక్కు వైపు మూల నుంచి చెవి వైపుకు జారేలా పట్టాలి. ధార అటుదిటైతే సున్నం నీళ్ళు మంచి కంట్లోకి పోతాయి. రెప్పలు తమంతట తాము బిగుసుకుంటాయి కాబట్టి రెండో మనిషి పొడిగుడ్డతో పట్టుకుని తెరవాలి, ఉత్త వేళ్ళకి తడిరెప్ప జారిపోతుంది. కడుగుతున్నంతసేపూ పైకి, కిందికి, అటు, ఇటు చూస్తుండాలి. గడియారం చూసుకుని కనీసం ఇరవై నిమిషాలు, సున్నమో కాస్టిక్ సోడానో అయితే అరగంట. పంపు లేకపోతే పడుకోబెట్టి చెంబుతో నాలుగు వేళ్ళ ఎత్తు నుంచి సన్నగా పోస్తూనే ఉండాలి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే కడుగుతూనే తీసేయాలి, రాకపోతే దానితో కుస్తీ వద్దు. పసిపిల్లల్ని చేతులతో సహా దుప్పట్లో చుట్టేస్తే తప్ప ఒక్క నిమిషం కూడా కడగలేరు. మినరల్ వాటర్ కోసం వెతకక్కర్లేదు, వాడుక నీళ్ళు చాలు.

ఈలోపు చుట్టూ వైద్యం మొదలవుతుంది. మా అత్తయ్య చనుబాలు అడిగించబోయింది, పక్కింటాయన "నిమ్మకాయ పిండితే సున్నం విరిగిపోద్దండీ" అన్నాడు. విరగడం మాట దేవుడెరుగు, పులుపూ క్షారమూ కంట్లో కలిస్తే వేడి పుడుతుంది, పులుపు చేసే గాయం అదనం. నెయ్యి, ఆముదం పోస్తే నలకల్ని లోపలే పట్టుకుంటాయి. "ఒక కంట వెన్న, ఒక కంట సున్నం" అనే సామెత పక్షపాతం గురించే అయినా, కంటికి ఆ రెండూ పనికిరావు. కట్టు కూడా కట్టొద్దు. కంట్లో పడినదాని డబ్బానో, పొట్లమో ఉంటే ఆసుపత్రికి వెంట తీసుకెళ్ళాలి.

కంటాసుపత్రిలో పీహెచ్ చూసే కాగితం కింది రెప్పకు తాకించారు. పీహెచ్ తొమ్మిది. మొద్దుబార్చే చుక్కలు వేసి, పైరెప్పను ఒకసారి తిప్పి, ఇంకోసారి తిప్పి చూస్తే లోపలి మడతలో నూకగింజంత సున్నపు ముద్ద ఉంది. తడి దూదిపుల్లతో తీశారు. సెలైన్ బాటిల్‌కి ట్యూబు తగిలించి రెండు లీటర్లు పోశారు. ఏడుకి దిగింది. ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ చూస్తే ఎనిమిది. కంటి పొరల్లో ఇంకిన క్షారం తిరిగి బయటికి ఊరుతుందట. ఇంకో లీటరు పోశాక నిలబడింది.

ఆ తర్వాత నారింజరంగు ఫ్లోరెసిన్ కాగితం తాకించి నీలం వెలుగులో చూస్తే పైపొర ఊడిన మేర పచ్చగా మెరిసింది. అయితే డాక్టరమ్మ ఎక్కువసేపు చూసింది దాన్ని కాదు, నల్లగుడ్డు చుట్టూ ఉండే అంచుని. పైపొరను తిరిగి పుట్టించే మూలకణాలు ఉండేది అక్కడే. అంచు ఎర్రగా ఉంటే రక్తం ఆడుతున్నట్టు. పాలిపోయి తెల్లగా ఉంటేనే భయపడాలి. కన్ను ఎర్రబడలేదు కదా అని ఇంట్లో కూర్చునేవాళ్ళు మోసపోయేది ఇక్కడే. నా కంట్లో మూడోవంతు కన్నా తక్కువ అంచు పాలిపోయింది, రెండో గ్రేడు అన్నారు. అంచు మొత్తం పోయినవాళ్ళకి రెండో కంటి నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్న చిన్న తునకలు చేసి నాటే స్లెట్ అనే ఆపరేషన్ ఉంది. దాన్ని 2012లో ప్రచురించింది హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళే.

మందుల్లో కష్టమైంది టైము. యాంటీబయాటిక్ నాలుగుసార్లు, గంట గంటకీ ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు, కంటిపాపను విప్పార్చి నొప్పి తగ్గించే చుక్కలు, విటమిన్ సి మాత్రలు. చుక్కకీ చుక్కకీ మధ్య ఐదు నిమిషాలు, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. స్టెరాయిడ్ చుక్కలు మొదటి వారం గట్టిగా వాడి తర్వాత తగ్గించేశారు. ఎక్కువ రోజులైతే పుండు మానదు, నల్లగుడ్డు పలచబడే ప్రమాదమూ ఉంది. మొద్దుబార్చే చుక్కలు ఇంటికి ఇవ్వమంటే ఇవ్వలేదు. హాయిగానే ఉంటుంది గానీ వాడుతూ పోతే మానే పుండు కూడా మానదు.

తొమ్మిదో రోజుకి పచ్చమెరుపు పోయింది. పాప విప్పారినన్నాళ్ళూ దగ్గరి అక్షరాలు అలుక్కుపోయాయి. కంటి ప్రెషర్ పెరుగుతుందేమోనని వారం వారం చూశారు. రెండు నెలలదాకా రాత్రిపూట ఎదురొచ్చే బండి లైటు చుట్టూ గుండ్రంగా మసక కనిపించేది. ఇప్పుడు చూపు ముందులాగే ఉంది, కన్ను మాత్రం ఏసీలో కూర్చుంటే ఎండుతుంది. జేబులో చుక్కల సీసా ఉంటుంది. సూపర్ గ్లూ ట్యూబు అచ్చం దానిలాగే ఉంటుందని దాన్ని వంటింటి అలమర నుంచి తీసి పనిముట్ల పెట్టెలో పడేశాను.