ఇక్కా షీటులో దాగిన లెక్కలు

మా కంపెనీలో పొద్దున తొమ్మిదయ్యేసరికి నిన్నటి అమ్మకాల రిపోర్టు మేనేజర్ల ఫోన్లలో ఉండాలి. ఏ ఎమిరేట్‌లో ఎంత అమ్మాం, ఏ వ్యాను ఎంత వసూలు చేసింది, గడువు తీరి వెనక్కొచ్చిన సరుకెంత, అంతే. దుబాయ్‌లో బియ్యం, పాలపొడి, జ్యూసులు కిరాణా కొట్లకు వేసే కంపెనీలన్నిట్లోనూ దాదాపు ఇదే తంతు.

నేను చేరేనాటికి ఆ రిపోర్టు చేసేది కోళికోడ్‌కు చెందిన ఒక పెద్దాయన. ఆఫీసంతా ఆయన్ని ఇక్కా అని పిలుస్తుంది (మలయాళీ ముస్లింలు అన్నను పిలిచే పిలుపు), నేనూ అలాగే పిలిచాను. ఆయన ఆరున్నరకే వచ్చి, బ్రాంచికో ఫైలు చొప్పున దించుకుని, ఎక్సెల్‌లో ఒకదాని కింద ఒకటి అతికించి, వీలుకప్‌లు (ఒక పట్టికలోంచి వివరాలు వెతికి తెచ్చే ఫార్ములాలు) వేసి, పివట్ (మొత్తాలు తేల్చే పట్టిక) తిప్పి, పీడీఎఫ్ చేసి పంపేవాడు. ఏళ్ల తరబడి అదే పని. దీన్ని పవర్ బీఐలో (రిపోర్టులు తనంతట తనే తయారుచేసే సాఫ్ట్‌వేర్) పెట్టెయ్యి, ఇక్కాకు రోజూ రెండు గంటలు మిగులుతాయి అని మేనేజరు నాకు పురమాయించాడు.

గల్ఫ్‌లో వీసా ఉద్యోగానికి కట్టేసి ఉంటుంది. చేతిలో పని తగ్గిన మనిషికి తర్వాత ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. అందుకే మొదట్లో నేను ఏమడిగినా ఇక్కా నుంచి వచ్చే జవాబు ఒకటే: "ఫైల్లో ఉంది చూడు."

ఫైల్లో ఉన్నంతవరకూ పని తేలికే. పవర్ బీఐలో ఫైళ్లు చదివే భాగమైన పవర్ క్వెరీకి ఒక ఫోల్డరు చూపిస్తే, అందులో పడే ఫైళ్లన్నిటినీ తనే కలుపుకుంటుంది. కొన్ని చిక్కులు మామూలే. తేదీని అమెరికా పద్ధతిలో చదివితే ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అవుతుంది, కాబట్టి లొకేల్, అంటే ఏ దేశపు పద్ధతో, ముందే చెప్పాలి. ఇక్కడి బార్‌కోడ్లు చాలావరకు 629తో మొదలయ్యే 13 అంకెలు. ఎక్సెల్ వాటిని సంఖ్యలనుకుని ముడిచేస్తుంది, అక్షరాలుగానే ఉంచమనాలి. ఒమన్ రియాల్‌కు వెయ్యి బైసాలు, అంటే మూడు దశాంశాలు. దిర్హామ్ అలవాటుతో రెండింటికే కత్తిరిస్తే మస్కట్ బిల్లులు తేడా కొడతాయి. ఇవన్నీ ఎవరైనా వెతికి సరిచేసుకోగలిగినవే.

కొత్తదీ పాతదీ పక్కపక్కన నడిపిన నెల రంజాన్. అసలు సంగతి అక్కడ బయటపడింది. నా మొత్తాలు, ఇక్కా మొత్తాలు నెలకు సరిపోతున్నాయి, రోజుకు సరిపోవడం లేదు. ఆయన షీటులో "అడ్జ్" (అడ్జస్ట్‌మెంట్) అనే ఒక కాలమ్ ఉంది. దానికి ఫార్ములా లేదు, చేత్తో కొట్టిన అంకెలు. అదేమిటో ఇక్కా చెప్పలేదు కానీ ఒక వ్యాన్ సేల్స్‌మన్ చెప్పాడు. జగిత్యాల కుర్రాడు. నాది నిజామాబాద్ కావడంతో సరాసరి నా టేబుల్ దగ్గరికే వచ్చాడు.

"అన్నా, కొత్త రిపోర్ట్‌ల నా రాత్రి బిల్లులు తెల్లారి లెక్కల పడుతున్నయట. గట్లయితే నెలాఖరుకు టార్గెట్ పోతది. ఇక్కా గట్ల చెయ్యడు గద."

రంజాన్‌లో ఇక్కడ వ్యాపారం రాత్రిది. ఇఫ్తార్ అయ్యాకే బజారు కళకళలాడుతుంది, సహర్ దాకా కొట్లు తెరిచే ఉంటాయి, వ్యాన్లు అర్ధరాత్రి దాటాకా బిల్లులు కొడుతూనే ఉంటాయి. సిస్టమ్‌కు పన్నెండు దాటితే మరో రోజు. ఇక్కాకు బండి గోదాముకు తిరిగొచ్చేదాకా అదే రోజు. తెల్లవారుజామున నాలుగులోపు బిల్లులన్నీ ముందు రోజుకు జరిపేవాడు, ఆ ఒక్క నెల మాత్రమే. కంప్యూటరులో ఇది ఒక్క లైను పని: బిల్లు సమయంలోంచి నాలుగు గంటలు తీసేసి, ఆ తర్వాత తేదీ తీసుకోవాలి. అయితే ఇది ఏ మాన్యువల్లోనూ లేదు, కమిషన్ల చుట్టూ జరిగిన పాత తగవుల్లోంచి పుట్టిన నియమం. మాన్యువల్ చూసి ఆటోమేట్ చేసేవాళ్లు ఇలాంటి చోటే ఎవరో ఒకరి జీతం కోసేస్తారు.

ఆ తర్వాత నేను ఫైలు అడగడం మానేశాను. ఇక్కా పక్కన కుర్చీ వేసుకుని, ఇది ఎందుకు, అది ఎందుకు అని అడగడం మొదలుపెట్టాను. సులేమానీ (పాలు లేని టీ) తాగుతూ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. 2022 జనవరి నుంచి ప్రభుత్వం వారాంతాన్ని శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మార్చింది. షార్జా ప్రభుత్వ ఆఫీసులకు శుక్రవారం కూడా సెలవే. ఎక్సెల్‌లో పనిదినాలు లెక్కించే ఫార్ములాలో ఇది వారాంతం కోడు 7 బదులు 1 కొట్టడమే, కానీ పాత సంవత్సరాలకు 7 అలాగే ఉండాలి. ఇక్కా రెండూ ఉంచాడు, తేదీని బట్టి.

అన్నిటికన్నా పెద్దది, నిరుడు ఇదే నెలతో పోలిక. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఇక్కడ 2024లో మార్చి 11న మొదలైంది, 2025లో మార్చి 1న. మాలాంటి పంపిణీ కంపెనీలకు అసలు జోరు రంజాన్‌కు ముందు వారాల్లోనే: ఖర్జూరం, విమ్టో షర్బతు, పంచదార కొట్లలోకి చేరాలి కదా. కాబట్టి మామూలు క్యాలెండరు నెలలు పక్కపక్కన పెడితే ఫిబ్రవరి ఆకాశంలో ఉంటుంది, మార్చి పాతాళంలో. డాష్‌బోర్డు నిక్షేపంగా ఎర్రబాణాలు వేస్తుంది, మేనేజర్లు సేల్స్‌మన్ల మీద పడతారు. ఇక్కా రంజాన్ ఐదో రోజును నిరుటి ఐదో రోజుతోనే పోల్చేవాడు. ఆ పద్ధతిని నేను ఒక క్యాలెండర్ పట్టికగా మార్చాను. ప్రతి తేదీకీ ఎదురుగా హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండరు) నెల, రంజాన్‌లో ఎన్నో రోజు, పండగకు ఎన్ని రోజులు మిగిలాయి అన్నవి ఉంటాయి.

ఆ పట్టికకు దేశం అనే కాలమ్ కూడా పెట్టాల్సి వచ్చింది. 2024లో ఎమిరేట్స్ 11న మొదలుపెడితే ఒమన్ 12న మొదలుపెట్టింది. నెలవంక కనబడిందా లేదా అన్నది ముందు సాయంత్రం తేలుతుంది, ఒక్కో దేశంలో ఒక్కోలా. ఆ రాత్రి ఎవరో ఒకరు ఆ గడి నింపితేనే పొద్దున్నే రిఫ్రెష్ సరిగ్గా నడుస్తుంది.

ఇప్పుడు రిపోర్టు ఏడింటికల్లా తనే తయారవుతుంది. జనరల్ మేనేజరు మాత్రం ఆ లింకు ఎప్పుడూ తెరవడు, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టమంటాడు. పెడుతున్నాం. ఇక్కాకు బాకీల వసూళ్ల ఫాలో-అప్ ఇచ్చారు. కొట్లవాళ్లందరూ ఆయనకు ముఖపరిచయమే కాబట్టి ఆ పని బాగానే సాగుతోంది.

క్యాలెండర్ పట్టికకు బాధ్యులు ఎవరన్న చోట ఇక్కా పేరే రాశాను. నెలవంక తేదీల్ని ముందే లెక్కగట్టి ఇచ్చే సైట్లున్నాయి, అదీ ఆటోమేట్ చెయ్యొచ్చుగా అని ఐటీ వాళ్లు అడిగారు. ఒమన్ ఒకరోజు వెనక మొదలుపెట్టిన ఏడాదికి ఆ సైట్లు ఏం చెప్పాయో చూసి రమ్మన్నాను. ఇక్కా వీసా రెన్యువల్ ఆ నెలల్లోనే ఉంది. ఆ సంగతి మాత్రం వాళ్లతో అనలేదు.