గులాబీ ముల్లు, నాలుగు గడ్డలు

చూపుడు వేలికి గులాబీ ముల్లు గుచ్చుకున్న సంగతి ఆ సాయంత్రానికే మరచిపోయాను. మూడు వారాలకు అక్కడ ఎర్రటి గడ్డ లేచింది. నొప్పి లేదు, జ్వరం లేదు. అది పగిలి పుండయింది. తర్వాత మణికట్టు దగ్గర ఒకటి, ముంజేతి మీద రెండు, దారానికి గుచ్చిన పూసల్లా వరుసగా పుట్టుకొచ్చాయి.

రెండు విడతలు యాంటీబయాటిక్స్ వాడినా తగ్గలేదు. బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క కోసి పరీక్షించడం) చేయిస్తే నివేదికలో గ్రాన్యులోమా, అంటే వాపు కణాల ముద్ద, అని మాత్రమే వచ్చింది. క్షయ వల్ల కూడా అలా కనిపిస్తుందన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండో చర్మవైద్యురాలు గడ్డల వరుసను వేలితో తడిమి, "తోటపని చేస్తారా?" అని అడిగారు. అప్పుడు ముల్లు గుర్తొచ్చింది. స్పోరోట్రైకోసిస్ కావచ్చన్నారు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఉండే ఫంగస్ గాయంలోంచి లోపలికి చేరి, శోషరస నాళాల వెంట పైకి పాకుతుందట. కానీ నోకార్డియా అనే బ్యాక్టీరియా, లీష్మేనియా అనే పరాన్నజీవి, క్షయ జాతికి చెందిన కొన్ని బ్యాక్టీరియాలు కూడా ఇలాంటి వరుసనే తెస్తాయి. కల్చర్ చేయనిదే, అంటే ముక్కలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడనిదే తేలదు.

నన్ను బాధపెట్టిన విషయం ఇక్కడే బయటపడింది. మొదటిసారి తీసిన ముక్కనంతా ఫార్మలిన్‌లో, అంటే కణజాలం చెడకుండా ఉంచే రసాయనంలో వేశారు. ఫార్మలిన్‌లో ఫంగస్ చచ్చిపోతుంది, ఇక కల్చర్‌కు పనికిరాదు. ఈ ఫంగస్ కణజాలంలో చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి మైక్రోస్కోపులో తరచూ కనిపించదు కూడా. అంటే ఆ కోత సగం వృథా. మళ్లీ కోయించుకున్నాను. ఈసారి ఒక ముక్క ఫార్మలిన్‌లో, మరొకటి కల్చర్ కోసం సెలైన్‌లో (ఉప్పునీటిలో) వెళ్లాయి. మీకూ బయాప్సీ చెబితే, కల్చర్‌కు విడిగా పంపుతున్నారా అని ముందే అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

తొమ్మిదో రోజున ల్యాబ్‌లో తెల్లటి ఫంగస్ కనిపించింది, తర్వాత నల్లబడింది. 37 డిగ్రీల వేడిలో పెంచితే ఈస్ట్ రూపంలోకి మారింది. స్పోరోట్రైకోసిస్ తెచ్చే స్పోరోత్రిక్స్ ఫంగసే అని తేలిపోయింది. పేరు తెలిసినందుకే సగం బరువు దిగింది.

ఫంగస్‌ను చంపే మందు ఇట్రాకొనజోల్‌ను రోజుకు 200 మిల్లీగ్రాములు రాశారు. క్యాప్సూల్ భోజనంతో పాటే వేసుకోవాలి, కడుపులో ఆమ్లం ఉంటేనే అది ఒంట్లోకి బాగా చేరుతుంది. నేను రోజూ వేసుకునే ఎసిడిటీ మాత్రను డాక్టరు మాన్పించారు. మధ్యమధ్య కాలేయ పరీక్షలు చేయించుకున్నాను. మొదటి నెలలో మార్పేమీ కనిపించక బెంగపడ్డాను. ఆరో వారంలో పుండు ఎండింది. నాలుగు నెలలకు గడ్డలన్నీ కరిగిపోయాయి. ఆ తర్వాత కూడా మరో నాలుగు వారాలు మందు ఆపనివ్వలేదు. వేలి మీద ఇప్పుడు గింజంత మచ్చ మిగిలింది.