గోల్డర్ పెట్టెలు, పదిహేడు డాలర్ల శాండ్‌విచ్

కాలిఫోర్నియాలో ఎల్ కమినో రోడ్డు మీద బస్సెక్కి పాలో ఆల్టో పోతానంటే మా అల్లుడు ఒప్పుకోలేదు. "శనివారం నేనే దింపుతాను కదా మామయ్యా" అన్నాడు. శనివారం స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలోని హూవర్ ఆర్కైవ్స్, అంటే పాత కాగితాలు దాచిన చోటు, తెరవరు. "పోనీ, ఆ కాగితాలు ఆన్‌లైన్లో దొరకవా?" అన్నాడు. దొరికితే మాత్రం? ఎమ్మే రోజుల నుంచీ పేరు వింటున్న చరిత్రకారుడు ఫ్రాంక్ గోల్డర్ కాగితాలు మా అమ్మాయి ఇంటికి పది పన్నెండు మైళ్ళ దూరంలో ఉంటే, సోఫాలో కూర్చుని ఫోన్లో చూసుకోవడమా!

బస్సు మాత్రం నాకు బాగా నచ్చింది. అరవై అయిదు దాటినవాళ్ళకి ఒక్క డాలరే. మా అమ్మాయి వాళ్ళుండే సన్నీవేల్లో మనవాళ్ళు అడుగుకొకరు కనబడతారు గానీ బస్సులో ఒక్కరూ కనబడరు. ఉన్నదంతా ఇళ్ళు తుడిచే ఆడవాళ్ళు, హోటల్ యూనిఫాం వేసుకున్న కుర్రాళ్ళు. అందరూ స్పానిష్. నా పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో గుడ్డ కప్పిన గిన్నె పెట్టుకుని నిద్రపోతోంది. అనంతపురం నుంచి కదిరి బస్సులో వెళ్తున్నట్టే ఉంది, రోడ్డు నున్నగా ఉందన్న తేడా తప్ప. పాలో ఆల్టో స్టేషన్లో దిగితే యూనివర్సిటీ వాళ్ళ మార్గరీట్ బస్సు ఉచితం. హూవర్ టవర్ ఎటూ దూరం నుంచే కనిపిస్తుంది. 285 అడుగులు, 1941లో కట్టారు. పైకెక్కి చూడటానికి టికెట్టు పెట్టారు కాబట్టి నేను కిందనుంచే చూశాను.

ఇంతకీ ఎవరీ గోల్డర్? మా తరం వాళ్ళకి రష్యా అంటే విశాలాంధ్ర పుస్తకాల వ్యాను. రూపాయికీ రెండు రూపాయలకీ మాస్కో అచ్చు పుస్తకాలు, ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు గార్ల తెలుగు. ఆ బొమ్మలు, ఆ కాగితం వాసన చూసి నేను చరిత్ర చదివాను అన్నా తప్పులేదు. ఎమ్మేలో మాత్రం వేరే రష్యా ఎదురైంది. 1914 నుంచి 1917 దాకా రష్యా పత్రాలను ఇంగ్లీషులోకి తెచ్చి 1927లో అచ్చువేసిన లావుపాటి సంకలనం ఒకటి ఉండేది. దాని మీద ఫ్రాంక్ గోల్డర్ అన్న పేరు. తర్వాత ముప్ఫై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి రష్యా విప్లవం చెప్పినప్పుడల్లా నా నోట్సు సగం ఆయనదే.

ఆయన పుట్టింది 1877లో, ఒడెస్సా దగ్గర, యూదు కుటుంబంలో. మా రాయలసీమలో ధాత కరువు నడుస్తున్న ఏడాది అది. చిన్నప్పుడే కుటుంబం న్యూజెర్సీకి వలస వచ్చింది. చదువుకుని, అలాస్కాలో ఉంగా అనే దీవిలో బడిపంతులుగా చేరాడు. అక్కడి మూలవాసులైన అల్యూట్ల కథలు రాసుకున్నాడు. ఆ దీవుల్లో రష్యన్ల జాడలు చూశాకే రష్యా చరిత్ర వైపు మళ్ళాడని నా ఊహ. హార్వర్డులో 1909లో డాక్టరేటు. పసిఫిక్ వైపు రష్యా ఎలా పాకిందన్నది ఆయన అంశం. 1914లో రష్యా ఆర్కైవుల్లో అమెరికాకి సంబంధించి ఏమేం ఉన్నాయో జాబితా రాయడానికి సెంట్ పీటర్స్‌బర్గ్ వెళ్తే, అక్కడుండగానే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. మళ్ళీ 1917లో వెళ్తే, దిగిన కొద్ది రోజులకే ఫిబ్రవరి విప్లవం! చరిత్రకారుడికి ఇంతకన్నా అదృష్టం ఉంటుందా?

ఆయన రాసిన వాటిలో నాకు ఇష్టమైనది ఒక వ్యాసం. అమెరికా అంతర్యుద్ధం నడుమ, 1863లో, రష్యా యుద్ధనౌకలు న్యూయార్కుకీ శాన్ ఫ్రాన్సిస్కోకీ వచ్చాయి. లింకన్‌కి అండగా వచ్చాయని అమెరికన్లు నమ్మేశారు, విందులు చేశారు. గోల్డర్ రష్యా నౌకాదళం కాగితాలు తిరగేసి 1915లో తేల్చేశాడు: పోలండ్ గొడవలో బ్రిటన్, ఫ్రాన్సులతో యుద్ధం వస్తే బాల్టిక్ సముద్రంలో చిక్కుకుపోకుండా ముందే బయటపడ్డాయి, అంతే. కాగితం చూడకుండా మాట్లాడితే ఇలాగే ఉంటుందని క్లాసులో పిల్లలకి చెప్పేవాణ్ణి.

రీడింగ్ రూములో సంచి లాకర్లో పెట్టమన్నారు. పెన్ను కుదరదు, పెన్సిలే. బల్ల మీద ఒకసారి ఒక ఫోల్డరే. పెట్టె కావాలంటే ముందే రాసి పెట్టుకోవాలి. జేబులో పెన్ను లేకపోతే నాకు చొక్కా వేసుకోనట్టే ఉంటుంది గానీ, మన దగ్గర పాత రికార్డుల మీద బాల్‌పెన్ గీతలు ఎన్ని చూశాను! పెన్సిలే మేలు.

నేను అడిగింది 1921 నాటి పెట్టె. ఆ ఏడు రష్యాలో వోల్గా నది ఒడ్డున పంట పోయింది. అంతకు ముందే యుద్ధం, అంతర్యుద్ధం, రైతుల ధాన్యం లాక్కోవడం. తర్వాత అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ నడిపే అమెరికన్ సహాయ సంస్థ ఆగస్టులో రీగా నగరంలో ఒప్పందం చేసుకుని రష్యాలో దిగింది. 1922 వేసవికి రోజూ కోటి మందికి పైగా తిండి పెట్టింది. గోల్డర్ ఆ సంస్థ తరఫున కరువు జిల్లాలు తిరిగి చూసి రిపోర్టులు రాశాడు. అదే మనిషి, అవే నెలల్లో, హూవర్ 1919లో స్టాన్‌ఫర్డ్‌కి యాభై వేల డాలర్లిచ్చి పెట్టించిన లైబ్రరీ కోసం పుస్తకాలు కొన్నాడు. పొద్దున ఆకలి రిపోర్టు, సాయంత్రం పుస్తకాల బేరం. రూబుల్ చిత్తుకాగితం అయిపోయింది. ఆయన చేతిలో ఉన్నది డాలరు. ప్రొఫెసర్లు ఇంట్లో ఉన్న పుస్తకాలు అమ్ముకుంటున్నారు. పేట్రోగ్రాడ్‌లో (సెంట్ పీటర్స్‌బర్గ్‌కి అప్పటి పేరు) చలికి తట్టుకోలేక పుస్తకాలు పొయ్యిలో పెట్టుకున్న రోజులవి.

అక్కడిదాకా చదివేసరికి నాకు ఎందుకో మనసు బాగాలేదు. లేచి భోజనానికి వెళ్ళాను.

భోజనమంటే ఏముంది? రెండు రొట్టె ముక్కల మధ్య ఆకు, చీజు, పక్కన కాఫీ. పదిహేడు డాలర్లు. పద్నాలుగు వందల రూపాయల పైనే! మా అమ్మాయి "నాన్నా, రూపాయల్లోకి మార్చుకోకు" అంటుంది గానీ, ఈ వయసులో ఆ లెక్క తల్లో దానంతటదే నడుస్తుంది. పద్నాలుగు వందలకి అనంతపురంలో ఇంటిల్లిపాదీ కడుపునిండా తిని, ఆటోలో తిరిగొస్తాం. బయట బెంచీ మీద కూర్చుని కసిగా నములుతుంటే, పొద్దున నా ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. డబ్బా తెరిచాడు. ఉడకబెట్టిన గుడ్లు, దోసకాయ ముక్కలు, నల్లటి రొట్టె. నా చేతిలోది చూసి ఎంత అన్నాడు. చెప్పాను. నవ్వి ఒక గుడ్డు నా చేతిలో పెట్టాడు. నేను శాకాహారినని చెబితే దోసకాయ ఇచ్చాడు.

వోల్గా మీద సమారా ఆయనది. వాళ్ళ నాయనమ్మ ఆ కరువులో ఏడెనిమిదేళ్ళ పిల్ల, "ఆరా" వంటశాలలో తిని బతికింది. అమెరికన్ సంస్థ పేరులోని పొడి అక్షరాలు కలిపి రష్యన్లు దాన్ని ఆరా అనేవాళ్ళు. తెల్ల రొట్టె, అన్నం, కోకో. కోకో అంటే ఆమెకి అప్పటిదాకా తెలియదట. ఇంకో నియమం: పిల్లలు అక్కడే కూర్చుని తినాలి, ఇంటికి తీసుకుపోకూడదు. తీసుకుపోతే ఇంట్లో పెద్దవాళ్ళు తింటారని. ఆ పిల్ల రొట్టె ముక్క గౌనులో దాచుకుని తమ్ముడికి తెచ్చేదట. తమ్ముడు బతకలేదు.

నేను మా అమ్మ సంగతి చెప్పాను. 1952లో మా వైపు గంజి కేంద్రాలు పెట్టినప్పుడు అమ్మ చిన్నపిల్ల. ముంత పట్టుకుని వరసలో నిలబడేది. పోసిన గంజి ఇంటికి తెచ్చుకోవచ్చు, అదొక్కటే నయం. ఆ తర్వాత ఎంత జ్వరమొచ్చినా అమ్మ గంజి తాగలేదు. "ఇంగ దాని మొగం సూడను పో" అనేది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత డబ్బా మూసి, కోకో అంటే తనకి అస్సలు పడదన్నాడు.

మధ్యాహ్నం మళ్ళీ కూర్చుని చదివాను. పది డాలర్ల పొట్లాల గురించి నోట్సు రాసుకున్నాను. అమెరికాలో ఎవరైనా పది డాలర్లు కడితే, రష్యాలో వాళ్ళు చెప్పిన మనిషికి 49 పౌన్ల పిండి, 25 పౌన్ల బియ్యం, పదేసి పౌన్ల చక్కెర, కొవ్వు, 3 పౌన్ల టీ, 20 డబ్బాల పాలు. ఒక కుటుంబం నెల గడుపుకోవచ్చు. అదే పది డాలర్లకి పేట్రోగ్రాడ్‌లో ఎన్ని పుస్తకాలు వచ్చుంటాయో లెక్కేయబోయి మానుకున్నాను.

సాయంత్రం అల్లుడు ఆఫీసు నుంచి నేరుగా వచ్చి ఎక్కించుకున్నాడు. అంతా విని, "అంటే ఆకలితో ఉన్నవాళ్ళ దగ్గర కారుచౌకగా కొట్టేశాడన్నమాట" అన్నాడు. అలా అనడం తేలిక. కడపలో బ్రౌన్ దొర మన తాళపత్రాలు కొనిపించి, పండితులకి జీతాలిచ్చి రాయించాడు. ఆ పండితులు కడుపు నిండి రాశారా? దొర లేకపోతే మన వేమన ఎంత మిగిలేవాడు? గోల్డర్ బేరం శుభ్రమైనదని నేననను. కానీ అదే మనిషి వోల్గా పల్లెలు తిరిగి, చూసింది రాసి పంపాడు. కొనడం ఒక్కటే ఆయన పనైతే మాస్కోలోనే వెచ్చగా కూర్చోవచ్చు. పైగా 1925లోనూ 1927లోనూ మళ్ళీ వెళ్ళి, విప్లవ చరిత్ర మీద అక్కడి పండితులతో కలిసి పనిచేద్దామని సోవియట్ వాళ్ళని అడిగాడు. వాళ్ళు సరేననలేదు. 1929లో, యాభై ఒకటో ఏట, ఇక్కడే పోయాడు.

"మీరు ఆయన్ని వెనకేసుకొస్తున్నారు మామయ్యా" అన్నాడు అల్లుడు, సిగ్నల్ దగ్గర ఆగి. వెనకేసుకొస్తున్నాను, నిజమే. ముప్ఫై ఏళ్ళు ఆయన నోట్సు మీద జీతం తీసుకున్నాను.

సమారా పెద్దాయన ఇంకో వారం ఉంటాడు. వాళ్ళ నాయనమ్మ తిన్న వంటశాల ఏ ఊళ్ళో ఉండేదో తెలుసుకోవడానికి సమారా నుంచి కాలిఫోర్నియాకి రావలసి వచ్చింది. ఆ జిల్లా రిపోర్టుల పెట్టె గురువారం వస్తుందట. నేను కూడా అదే రోజుకి 1914 డైరీల పెట్టె రాసిచ్చి వచ్చాను. భోజనానికి ఇద్దరం బెంచీ దగ్గరే కలుద్దామనుకున్నాం. చిత్రాన్నం నేను తెస్తానన్నాను.