పిక్కల నొప్పి

నాకు ఎలుక జ్వరం వచ్చి తగ్గి పది నెలలు దాటింది. ఇన్నాళ్ళూ రాయలేదు, ఎందుకంటే జ్వరం గురించి రాయాలంటే మా మేస్త్రితో నేనన్న ఒక మాట గురించి కూడా రాయాలి, అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు.

మాది కోనసీమ. 1997 చట్టంతో వచ్చిన, కాలవల పని రైతులే చూసుకునే నీటి సంఘాలున్నాయి కదా, మా ఊరి సంఘానికి నేను ప్రెసిడెంట్‌ని. పోయిన ఆగస్టు వానలకి నాట్లేసిన చేలన్నీ మునిగిపోయాయి, మురుగు కాలవ నిండా గుర్రపుడెక్క, నీళ్ళు కదలట్లేదు, రైతులు పొద్దున్నే మా అరుగు మీదకొచ్చి కూచుంటున్నారు. మేస్త్రిని పిలిచి పన్నెండు మందిని దింపేశాను. బూట్లు లేవు, గ్లవ్స్ లేవు, ఇవ్వాలని నాకు తట్టనే లేదు. రెండో వారంలో మేస్త్రి వచ్చి "మా తమ్ముడికి జొరమండీ, పిక్కలు పట్టేసి నడవలేపోతన్నాడు, ఇంకో ఇద్దరిక్కూడా బాలేదు, రెండ్రోజులు ఆపుదారా" అన్నాడు. "నీళ్ళలో నిలబడితే పిక్కలు లాగవా ఏంటి, వేరేవాళ్ళని పెట్టు" అన్నాను. అదీ నేనన్న మాట.

మనుషులు తక్కువయ్యారని రెండ్రోజులు నేనూ దిగాను, మడమలు పగిలున్నాయి, పట్టించుకోలేదు. పది రోజులకి చలి, జ్వరం, తల పగిలిపోయే నొప్పి. దగ్గర్లో ఆర్‌ఎంపీ టైఫాయిడ్ అని ఇంజెక్షన్లు చేశాడు, నాలుగు రోజులు అలా పోయాయి. కళ్ళు ఎర్రబడ్డాయి, తర్వాత పచ్చబడ్డాయి, ఉచ్చ టీ డికాషన్‌లా వచ్చింది.

అప్పుడు చూడ్డానికొచ్చాడు మేస్త్రి. గుమ్మం దగ్గరే నిలబడి "పిక్కలు నెప్పెడతన్నాయా అండీ" అనడిగాడు, లోపలికొచ్చి మెల్లగా నొక్కాడు, నేను అరిచిన అరుపుకి మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "మా తమ్ముడిదీ ఇదేనండీ, ఎలకల జొరమన్నారు, కాకినాడ పెద్దాసుపత్రిలో ఉన్నాడు, ఇంక ఆగొద్దండీ" అని తనే ఆటో తెచ్చాడు. వాళ్ళ తమ్ముడి నొప్పి నేను కొట్టిపారేస్తే, నా నొప్పి దగ్గర అతను కూర్చున్నాడు.

కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ ఒకటి దగ్గర ఉండాల్సింది నాలుగు దాటింది, డయాలిసిస్ దాకా పోకుండా పెన్సిలిన్‌తో గట్టెక్కాను. డాక్టర్ గారు చెప్పిందేంటంటే ఎలకల మూత్రంలో ఉండే బ్యాక్టీరియా నీళ్ళలో, తడి మట్టిలో వారాల తరబడి బతికే ఉంటుందంట, కాలి పగుళ్ళలోంచి, గీతల్లోంచి వొంట్లోకి పోతుందంట. మూడు మంచాల అవతల మేస్త్రి తమ్ముడు. వాళ్ళావిడ అతనికి గంజి తాగించి, మా ఆవిడకి కూడా ఒక గ్లాసు ఇచ్చి వెళ్ళేది.

కాటన్ దొర కూడా ధవళేశ్వరం పని 1847లో మొదలెట్టి, మరుసటేడే ఒంట్లో బాగోక ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు, పని కెప్టెన్ ఓర్ అనే ఆయన చూసుకున్నాడు, దొర 1850లో తిరిగొచ్చాడు, 1852కి ఆనకట్ట పూర్తయింది. మంచం మీద పడుకుని ఇదే ఆలోచించాను, ఎందుకంటే నేను లేనప్పుడు మా కాలవ మేస్త్రి బాగుచేయించేశాడు, అదీ ఒక్క మనిషిని నీళ్ళలో దింపకుండా, పొడుగు గెడలకి కొక్కేలు కట్టి గట్టు మీంచి లాగించాడు. నాకంటే రెండ్రోజులు ఎక్కువ పట్టుండొచ్చు, అంతే.

నీరసం మాత్రం రెండు నెలలు వదల్లేదు, మెట్లెక్కితే ఆయాసం.

ఇప్పుడు బూట్లు, గ్లవ్స్ సంఘం డబ్బుతోనే కొంటున్నాం, కాళ్ళకి గాయాలుంటే దింపం. కేరళలో 2018 వరదలప్పుడు ఈ జ్వరం రాకుండా డాక్సీసైక్లిన్ మాత్రలు పంచారు కదా, అలా మాకూ అవసరమా అని పీహెచ్‌సీ డాక్టర్ గారిని అడిగే పని మొదలెడుతున్నాం. కాలవలో కలుపు మందు కొట్టేద్దాం అన్నారు కొందరు, కింద గేదెలు తాగే నీళ్ళవి, ఒప్పుకోలేదు, తీసిన గుర్రపుడెక్క కొబ్బరిచెట్ల మొదట్లో వేయిస్తున్నాం. ఎలకలకి మందు బదులు బుట్టలు పెట్టేవాళ్ళని పిలుస్తున్నాం, గట్లు సన్నగా చెక్కిస్తున్నాం, బొరియలు తగ్గుతాయని.

మొన్న ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు మీటింగ్‌లో మేస్త్రి గారిని నా పక్క కుర్చీలో కూచోబెట్టాం. ఆయన పని ఆపమంటే ఆపాలి, ముందు ఆపాకే కారణం అడగాలి, అని మినిట్స్ బుక్కులో రాయించాను. జూన్‌లో ఒకసారి ఆపమన్నారు. ఆపేశాం.